పదికి పది

నా ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. దాని మీదుగా మోటార్‌సైకిల్ పోనిచ్చినవాడి పేరు దేవదానం. అరబ్బు దేశంలో మేముండే ముసఫ్ఫా క్యాంపులోకి కొత్తగా వచ్చిన ప్రతివాడూ నా పెట్టుడు కాలు చూస్తాడు, పక్కవాణ్ణి గుసగుసగా అడుగుతాడు, తర్వాత నా దగ్గరికొచ్చి, "పాపం హన్మంతన్నా, ఆ ఆంధ్రా పోరడు నీ కాలు తీసేసిండట గదా" అంటాడు. విని విని నా చెవులు తుప్పు పట్టాయి. నాకు రాయడం పెద్దగా రాదు, పదో తరగతితో ఆగినవాణ్ణి. అయినా వాడి సంగతి నేనే చెప్పాలి, ఎందుకంటే అందులో నా సంగతి ఒకటి ఉంది. అది తెలిసినవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు.

మాది మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె. ముసఫ్ఫాలో ఇసుక బండ్లు బాగుచేసే గ్యారేజీలో వెల్డర్‌గా చేరి అప్పటికే ఎనిమిదేళ్లు. 2021 ఫిబ్రవరిలో, కరోనా ఇంకా పోని రోజుల్లో, దేవదానం మా గదికొచ్చాడు. ముక్కులో పుల్ల పెట్టించుకుని, పదిరోజులు వేరే గదిలో ఒంటరిగా కూర్చుని, ఆ తర్వాత నా పై మంచానికి ఎక్కాడు. ఇరవై ఏడేళ్లుంటాయి. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చునేవాడు. మెకానిక్ హెల్పర్ వీసా మీద వచ్చాడు.

"దేశంల ఏం పని చేసినవ్?" అని అడిగాను.

"బావిలో బండి నడిపేవాణ్ణండి."

"బావిల బండేందిర? పూడిక తీసేటోనివా?"

వాడు నవ్వలేదు. ఓపిగ్గా చెప్పాడు. రాజోలు వైపు తీర్థాల్లో చెక్కలతో గుండ్రంగా పెద్ద బావిలా కడతారు. రెండు మిద్దెల ఎత్తు ఉంటుంది. జనం మెట్లెక్కి పైనుంచి లోపలికి తొంగి చూస్తారు. లోపల బండి నేల మీద మొదలై, గోడ ఎక్కి, గోడ మీదే గుండ్రంగా తిరుగుతుంది. బోర్డు మీద మృత్యుబావి అని రాస్తారు, జనం మాత్రం ఉత్తినే బావి అంటారు. మావైపు జాతరల్లో కూడా ఉంటుందది. చిన్నప్పుడు చూశాను కూడా. నడిపేవాడికి ఇల్లూ వాకిలీ, అమ్మా నాన్నా ఉంటారని మాత్రం నాకెప్పుడూ తట్టలేదు.

వాడి తల్లి కువైట్‌లో ఇంటిపని చేసి వాణ్ణి ఐటీఐలో చేర్పించిందట. పంతొమ్మిదో ఏట ఒక తీర్థంలో వరసగా మూడు ఆటలు చూసి, నాలుగో ఆటకి టికెట్టు కొనకుండా వెనకవైపు వెళ్లి, "నాకూ నేర్పండి" అని అడిగాడు. ఐటీఐ సగంలో పోయింది. తల్లి కువైట్ నుంచి ఫోన్‌లో ఏడ్చింది. వీడు వినలేదు.

ఆ బావి హుస్సేనమ్మది. మొగుడు పోయాక తనే ప్యాంటూ చొక్కా వేసుకుని గోడెక్కిన మనిషి. వీణ్ణి ఆర్నెల్లు బండి ముట్టుకోనివ్వలేదు. రోజూ పొద్దున్నే చెక్కల బోల్టులు బిగించడమే పని. తర్వాత నేర్పింది. నేర్పింది కూడా ఒక్కటే ముక్క. దేవదానం ఆ ముక్క ఎన్నిసార్లు చెప్పాడో, నాకు ఆవిడ గొంతు విన్నట్టే ఉంటుంది.

"బయమేసిందా, రేజు పెంచు. బండి ఊగిందా, రేజు పెంచు. పైనుంచి ఎవడి చెప్పో జారిపడిందా, రేజు పెంచు. వదిలావా, పోయావంతే."

గోడ మీద బండిని నిలబెట్టేది వేగం ఒక్కటే కదా. భయపడి రేజు పిడి మీద కుడిచెయ్యి సడలిందంటే బండీ మనిషీ కలిసి కింద పడతారు. ఏడేళ్లు రోజుకు పది ఆటల చొప్పున వాడి కుడిచేతికి ఆ ఒక్క పాఠమే. చివరికి అది బుర్రని అడగడం కూడా మానేసిందట.

2020 మార్చిలో తీర్థాలు ఆగిపోయాయి. చెక్కలు హుస్సేనమ్మ పెరట్లో టార్పాలిన్ కింద వానాకాలమంతా నానాయి. కొన్ని పొయ్యిలోకి పోయాయి. "ఎల్లరా నాయనా, బతికుంటే మళ్లీ కడదాం" అని ఆవిడే వీణ్ణి దుబాయ్ ఏజెంటు దగ్గరికి పంపింది.

గ్యారేజీలో వాడు మంచి పనివాడేమీ కాదు. స్పానర్ పడేస్తాడు, చెప్పింది మరచిపోతాడు. ముదీర్, అంటే మా మేనేజర్, రోజూ తిట్టేవాడు. నేనే వెనకేసుకొచ్చేవాణ్ణి. ఎందుకని అడిగితే చెప్పలేను. ఆదరువు లేని మనిషిని చూస్తే నాకు ముందు కోపమొస్తుంది, తర్వాత వాడికి అన్నం పెడతాను.

మా గ్యారేజీ యజమానిని, మా వీసాలకు పూచీ ఉన్న కఫీల్‌ని, అందరం అర్బాబ్ అంటాం. యూరప్ పోయినప్పుడు ఒక మోటార్‌సైకిల్ పందెం చూసి పిచ్చెక్కి వచ్చాడాయన. అల్ ఐన్ అవతల ఆయనకో ఖర్జూర తోట ఉంది. ఆ తోట పక్కనే కోడిగుడ్డు ఆకారంలో మట్టి ట్రాక్ వేయించి, ఆరు బండ్లు తెప్పించాడు. ఆ పందెాన్ని స్పీడ్‌వే అంటారట. ఆ బండ్లకు బ్రేకులు లేవు. ఒకటే గేరు. నలుగురు దిగుతారు, నాలుగు చుట్లు, ఎప్పుడూ ఎడమవైపే తిరగాలి. మలుపులో ఎడమకాలు నేలకానించి జారాలి కాబట్టి ఆ బూటు కింద ఇనుప రేకు ఉంటుంది. ఆ రేకులు కొట్టి వెల్డింగ్ చేసే పని నాది. చలికాలంలో సెలవు రోజున కంపెనీ బస్సులో మమ్మల్ని తీసుకెళ్లేవాళ్లు. అర్బాబ్ మేనల్లుళ్లు, గ్యారేజీ కుర్రాళ్లు నడిపేవాళ్లు.

నడపడమంటే పడటమే. వేగంగా వచ్చి మలుపు చూసి అందరూ భయపడి రేజు వదిలేసేవాళ్లు. వదలగానే బండి తిన్నగా పోయి కంచెకి కొట్టుకునేది. అది తిరగాలంటే మలుపులో రేజు పెంచాలి, వెనక చక్రం జారాలి. ఆ సంగతి అర్బాబ్‌కి తెలుసు, వీడియోలు చూపించి అరుస్తాడు. తెలిసినంత మాత్రాన చెయ్యి వింటుందా.

2021 డిసెంబర్‌లో ఒక శుక్రవారం దేవదానం నా పక్కకొచ్చి, "నేనొకసారి ఎక్కొచ్చా అన్నా?" అన్నాడు. అర్బాబ్ సరేనన్నాడు, ఎటూ పడేవాళ్లు పడుతూనే ఉన్నారు కదా అని. నేను కొట్టిన రేకొకటి వాడి ఎడమ బూటుకి కట్టాను. వాడు మొదటి మలుపు దగ్గరికొచ్చేసరికి ఇంజన్ చప్పుడు తగ్గాల్సిన చోట పెరిగింది. వెనక చక్రం పక్కకి జారి, ఎర్రమట్టి కంచె దాకా లేచి, బండి మలుపు తిరిగిపోయింది. నాలుగు చుట్లూ అంతే. అర్బాబ్ చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది. బండి ఆపి హెల్మెట్ తీసినప్పుడు చూశాను వాడి మొహం. పది నెలలుగా నా పై మంచం మీద పడుకున్నవాడు నవ్వగలడని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ చలికాలమంతా వాడు ఓడిపోయింది రెండేసార్లు. రెండుసార్లూ గొలుసు తెగి. గ్యారేజీలో ముదీర్ తిట్టడం మానేశాడు. స్పానర్ పడేసినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. వాడికి మాత్రం అదేమీ పట్టలేదు. సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారిందని క్యాంపంతా గొణుక్కుంటుంటే, వీడు ఆదివారానికి ఎన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడు.

నేనూ నడిపాను. నవ్వకండి. నాలుగోవాడు తక్కువైతే పందెం జరగదు, బంగ్లాదేశ్ డ్రైవర్ ఒకడు దేశం పోయాడు, అర్బాబ్ నన్ను ఎక్కమన్నాడు. నలభైకి దగ్గర పడ్డవాణ్ణి, బొజ్జ ఉన్నవాణ్ణి. ఎక్కిన ప్రతిసారీ నాలుగోవాణ్ణే. అర్బాబ్ నా పేరు మరచిపోయి నంబర్ ఫోర్ అని పిలిచేవాడు.

రెండో చలికాలం, 2022 నవంబర్‌లో, అర్బాబ్ పోలండ్ నుంచి కోచ్‌ని రప్పించాడు. పేరు విటెక్. తెల్లగడ్డం, కుంటి నడక, ఒకప్పుడు తనూ పందేలు నడిపినవాడు. దేవదానాన్ని గంటసేపు చూశాడు. ఎక్కడ నేర్చుకున్నాడని నన్నడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో బావి సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు తలూపుతూ ఉండిపోయాడు. వాళ్ల దేశంలో ఈ పందెం చూడటానికి ఆదివారం ఊరు ఊరంతా కదిలొస్తుందనీ, వేసవిలో వీణ్ణి తీసుకెళ్లి ఒక చిన్న క్లబ్బులో నడిపిస్తాననీ చెప్పాడు.

ఆ రోజు నుంచి దేవదానానికి వేరే మాట లేదు. ముసఫ్ఫా సంతలో ఉన్ని టోపీ కొన్నాడు. గదిలో ఏసీ పాడై అందరం చెమటలు కక్కుతుంటే టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకునేవాడు.

"తమ్మీ, నీకు పోలండ్ల చలి కాదుర, ముసఫ్ఫాల ఉడుకు కొట్టింది" అనేవాణ్ణి.

"అక్కడ మన పేరు మైకులో చదువుతారంటన్నా. దేవదానం అని."

"వాళ్ల నోరు తిరగదు పో."

"తిరక్కపోతే దానం అంటారు. చాలదేంటి."

నెల తిరక్కముందే ఒక సంఘటన జరిగింది. పందెంలో ముందు పోతున్న అర్బాబ్ మేనల్లుడు బండి మీంచి పడ్డాడు. వెనకే దేవదానం. అటువంటప్పుడు ఎవరైనా చేయాల్సింది ఒకటే. రేజు వదిలేసి, బండిని నేల మీద పడుకోబెట్టి, తనూ పడిపోవడం. మనవాడి చెయ్యి రేజు పెంచింది. పడ్డవాడికీ కంచెకీ మధ్య జానెడు సందులోంచి, కిందపడ్డ బండి చక్రం మీద నుంచి ఎగిరి దాటిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఈల కూడా వేశాను.

విటెక్ చప్పట్లు కొట్టలేదు. వాణ్ణి పక్కకి పిలిచి ఎందుకు పెంచావని అడిగాడు.

"బయమేసింది సార్" అన్నాడు దేవదానం.

ఆయనకి అర్థమైంది. గోడ మీద నీ ముందు ఎవరూ ఉండరు, ఇక్కడ ఉంటారు అన్నాడు. నీ చెయ్యి వదలడం నేర్చుకునేదాకా నలుగురితో పందెంలోకి దిగొద్దు అన్నాడు. పరీక్ష కూడా ఆయనే పెట్టాడు. వాడు ఒక్కడే వేగంగా వస్తుంటే లోపలివైపు నుంచి ఒక టైరు ముందుకు దొర్లిస్తారు. ఎప్పుడు దొర్లిస్తారో చెప్పరు. వాడు రేజు వదిలి బండిని పడుకోబెట్టాలి. ఒకే రోజు పదికి పదిసార్లూ వదిలితే పందెంలోకి రానిస్తాడు, క్లబ్బుకి పేరూ పంపిస్తాడు. క్లబ్బు జాబితా ఫిబ్రవరి మధ్యలో ముగుస్తుంది. అది దాటితే మళ్లీ ఏడాదే.

మొదటి ఆదివారం పదికి రెండు. బండి టైరు మీద ఎక్కి ఎగిరి పడుతుంటే చూడలేకపోయాను. వాడు ఏడ్చాడు. క్యాంపుకొచ్చాక నేనే ఒక పద్ధతి పెట్టాను. వాడు మంచం పైపుని బండి పిడిలాగా పట్టుకుని కూర్చునేవాడు, నేను ఎప్పుడో ఒకప్పుడు "టైరు" అని అరిచేవాణ్ణి. వాడు వదలాలి. అన్నం తింటున్నప్పుడు అరిచేవాణ్ణి, స్నానాల గది బయట నిలబడి అరిచేవాణ్ణి. గదిలో మిగతావాళ్లు మమ్మల్ని కొట్టడానికొచ్చారు. వారాలు గడిచేకొద్దీ లెక్క పెరిగింది. అయిదు, ఏడు, ఏడు, తొమ్మిది.

జాబితా ముగిసే ముందు ఆఖరి ఆదివారం అది. విటెక్ టైరు దొర్లిస్తున్నాడు, నేను అట్టకి కాగితం పెట్టుకుని గీతలు గీస్తున్నాను. ఎనిమిది అయ్యాయి, తొమ్మిది అయ్యాయి. తొమ్మిదికి తొమ్మిదీ వదిలాడు. అప్పుడు విటెక్‌కి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. చివరిది నువ్వే దొర్లించు అని నాకు సైగ చేసి, అటు తిరిగి షెడ్డు వైపు నడిచాడు.

దొర్లించాను. ఇంజన్ చప్పుడు పెరిగింది. బండి టైరు మీద నుంచి ఎగిరి, ఊగి, నిలబడింది. ఎవరూ చూడలేదు. దేవదానం చుట్టు తిరిగొచ్చి నా ముందు ఆపాడు. కళ్లద్దాలు పైకెత్తాడు.

"అయిపోయిందన్నా" అన్నాడు.

విటెక్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చి, "టెన్?" అని అడిగాడు.

"టెన్" అన్నాను నేను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట నా నోట్లోంచి. మా ఊళ్లో పరీక్షల్లో నూటికి తొంభై వస్తే ఫ్లెక్సీ కడతారు. పదికి తొమ్మిది అంటే తక్కువా? వీడు రెండు నెలలుగా పడ్డ పాట్లు నేను చూడలేదా? ఇవన్నీ తర్వాత కూర్చుకున్న మాటలు. ఆ క్షణాన నాకు కనిపించింది ఆ ఉన్ని టోపీ. దేవదానం వైపు చూశాను. వాడు తల వంచుకుని చేతి తొడుగు చూసుకుంటున్నాడు. కాదని అనలేదు. పదో గీత గీశాను.

తర్వాతి ఆదివారం వాణ్ణి పందెంలోకి రానిచ్చారు. వాడి పేరు అప్పటికే పోలండ్ పోయింది. నాలుగోవాడు మామూలుగానే లేడు. నన్ను ఎక్కించారు.

నాకు లోపలి వరస వచ్చింది, నా పక్కన దేవదానం. అడ్డంగా కట్టిన టేపు లేచింది. ఎలా జరిగిందో తెలియదు, నా బండి తుపాకీలోంచి వచ్చినట్టు కదిలింది. మొదటి మలుపు తిరిగేసరికి నా ముందు ఎవరూ లేరు. ఉత్త మట్టి, ఎండ. ఎప్పుడూ ముగ్గురు కొట్టిన మట్టి తింటూ నడిపినవాణ్ణి, నా జన్మలో మొదటిసారి ముందున్నాను. చెప్పడానికి సిగ్గెందుకు, చాలా సంతోషపడ్డాను. అర్బాబ్ "యల్లా, నంబర్ ఫోర్" అని అరవడం వినిపించింది.

రెండో చుట్టులో తోటవైపు మలుపు దగ్గర నీళ్లు ఎక్కువ కొట్టిన చోట నా ముందు చక్రం కూరుకుంది. పడ్డాను. బండి ఒకవైపు, నేను ఒకవైపు. పక్కకి దొర్లడానికి నా బొజ్జ సహకరించలేదు. వెనక వస్తున్న ఇంజన్ వినిపిస్తోంది. అది తగ్గితే నేను బతికినట్టు. రెండు నెలలు నేనే నేర్పించిన పాఠం కదా. చప్పుడు తగ్గడం కోసం ఎదురుచూశాను.

చప్పుడు పెరిగింది.

ఆస్పత్రిలో మూడోరోజు కాలు తీసేశారు. ఖర్చంతా అర్బాబే చూశాడు, ఆ మాట అబద్ధమాడను. దేవదానం వచ్చాడు. మంచం కాళ్లవైపు నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చోలేదు. దుప్పటి కింద ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉన్న చోటే చూస్తున్నాడు.

"చెప్పేద్దామన్నా. ఆ పదోది."

"నోరు ముయ్. ఏం చెప్తవ్? అయింది అయింది, ఖలాస్. నువ్వు పోలండ్ పో."

వాడి మంచికోసమే అలా అన్నానని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అంత నమ్మకం లేదు. గీత గీసింది నేను. ఆ సంగతి బయటపడితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని భయం కూడా ఉంది. రెండిట్లో ఏది ముందో, పడుకున్నప్పుడల్లా తూకం వేసుకుంటాను, తేలదు.

వాడు నా మాట వినలేదు. నేరుగా విటెక్ దగ్గరికి వెళ్లి తొమ్మిదే అని చెప్పేశాడు. ఆయన మర్నాడు ఆస్పత్రికొచ్చి నన్ను "నైన్?" అని అడిగాడు. తలూపాను. కాసేపు నిలబడి, నా భుజం తట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ వారమే దేశం పోయాడు, మళ్లీ రాలేదు. దేవదానం పోలండ్ సంగతి అంతటితో పోయింది. ట్రాక్ మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. బండ్లకి గుడ్డ కప్పారు.

దేవదానం అర్బాబ్‌ని బతిమాలి గ్యారేజీ నుంచి అల్ ఐన్ తోటకి మారిపోయాడు. ఖర్జూర చెట్ల పని. అక్కడ నీళ్ల మోటార్లు చూడటానికి ఒక పాత బండి ఉందట. అందరూ దాని మీద తిరుగుతారు, వీడు మాత్రం ఎండలో నడిచే వెళతాడని తోటవాళ్లు చెప్పారు. నా ఫోన్ ఎత్తేవాడు కాదు. నాకు ఎంత మండిందో చెప్పలేను. కాలు పోయింది నాకు, అలిగి కూర్చుంది వాడు. నేను పెట్టుడు కాలుతో, చేతికర్రతో నడక నేర్చుకున్నాను, గ్యారేజీ స్టోర్‌లో కూర్చునే పనిలో చేరాను. రెండేళ్లు గడిచాయి. మధ్యలో ఒకసారి వాడు సెలవు మీద దేశం పోయొచ్చాడని విన్నాను. వెళ్లేటప్పుడు చెప్పలేదు, వచ్చాకా చెప్పలేదు.

మొన్న 2025 ఫిబ్రవరిలో, స్టోర్‌లో నా పక్కన పనిచేసే భీమవరం సుబ్బరాజు ఫోన్‌లో వాళ్లవైపు తీర్థం వీడియో చూపించాడు. రంగులరాట్నం, ఖాజాల కొట్టు, దాని పక్కన చెక్కల బావి. కొత్త చెక్కలు, పాత చెక్కలు కలిపి కట్టినట్టు గోడ రెండు రంగుల్లో ఉంది. టికెట్ల కిటికీలో నెరిసిన జుట్టుతో ఒక ముసలామె కూర్చుని ఉంది. పైన బోర్డు మీద హుస్సేనమ్మ అని రాసి ఉంది.

నేను లేచి నిలబడ్డాను. ఇన్నాళ్లూ నా బుర్ర ఏ గడ్డి తింటోందో. వాడి చెయ్యి తప్పు చేసేది నేల మీద. గోడ మీద అదే చెయ్యి ఒప్పు. అక్కడ వాడి ముందు ఎవడూ పడడు, ఎవడి కాలూ ఉండదు. ఆవిడ బావి మళ్లీ కట్టింది. వీడిక్కడ చెట్లెక్కి ఏం చేస్తున్నాడు? వీణ్ణి దేశం పంపించేస్తే నా గీత కూడా చెరిగిపోతుందనిపించింది. ఆ వీడియో నా ఫోన్‌లో వేయించుకున్నాను.

మార్చిలో, రంజాన్ నెల కావడంతో, స్టోర్ పని తొందరగా అయిపోయేది. ఒకరోజు సెలవు పెట్టి అల్ ఐన్ బస్సెక్కాను. తోట గేటు నుంచి లోపలికి ఇసుకలో నడవడానికి నాకు అరగంట పట్టింది. అది చెట్లకి పూత కట్టే కాలం. మగచెట్టు పుప్పొడిని ఆడచెట్టు పూతలో మనిషే ఎక్కి దులపాలి. దేవదానం నడుముకి తాడు కట్టుకుని ఒక చెట్టు మీదున్నాడు. నన్ను పైనుంచి చూసి, చాలాసేపు దిగలేదు. చివరికి దిగి, తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, "ఎండలో ఎందుకొచ్చావన్నా" అన్నాడు. చొక్కా నిండా తెల్లని పొడి. జుట్టు పలచబడింది.

నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చున్నాం. వాడు నా పెట్టుడు కాలు వైపు చూడకుండా కూర్చున్నాడు. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాట ముందే అనేశాను.

"పదో గీత నేను గీసిన. నువ్వు గీయలే. ఇగ చాలు దానం, గా బరువు నీ నెత్తి మీదకెల్లి దించు."

"నేను నోరు విప్పలేదు కదన్నా. తొక్కింది నేనేనని నాకు తెలుసు. నువ్వు టెన్ అనగానే నాకు సంతోషమేసింది. అదే నన్ను తినేస్తంది."

అప్పుడు ఫోన్ తీసి వీడియో పెట్టాను. చెక్కల గోడ, దాని మీద తిరుగుతున్న ఎవరో కొత్త కుర్రాడు, కిటికీలో హుస్సేనమ్మ. వాడు ఫోన్ చేతిలోకి తీసుకోలేదు. చూశాడంతే.

"పో తమ్మీ. ఆ బావిల నీ చెయ్యే కరెక్టు. ఆడ భయమైతే రేజు పెంచుడే గదా. పో, మళ్ల ఎక్కు. ముసలామెకు కూడా ఆసరైతది. అర్బాబ్‌తోని నేను మాట్లాడ్త."

"ఎళ్లానన్నా. పోయినేడు."

"ఎళ్లి?"

"ఎక్కాను. మూడు చుట్లు బానే తిరిగాను. నాలుగోదాంట్లో పైనుంచి ఎవరిదో కండువా జారింది. బయమేసింది."

వాడు తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. క్యాంపులో మొదటిరోజు పట్టుకున్నట్టే.

"రేజు వదిలేశానన్నా. పడ్డాను. ఎక్కువ ఎత్తు లేదులే, భుజం వాచింది అంతే. ఆవిడొచ్చి, వదిలావా అనడిగింది. వదిలానమ్మా అన్నాను. నమ్మలేదు పాపం. వాపు తగ్గాక, ఆట లేనప్పుడు, కింద ఏటవాలు చెక్క మీదే తిప్పమంది. అక్కణ్ణుంచి పడినా దెబ్బ తగలదు. ఆవిడ పైన నిలబడి కండువా వేసేది. పదిసార్లు వేసింది."

నేను అడగలేదు. వాడే చెప్పాడు.

"పదికి పదిసార్లూ వదిలేశాను. ఆవిడ లెక్కలో తప్పు చెయ్యదన్నా."

ఆ చేతికి వదలడం నేర్పింది ఎవరు? అన్నం తినేటప్పుడు, స్నానం చేసేటప్పుడు టైరు టైరు అని అరిచింది ఎవరు? నేను నేర్పినంత కాలం తొమ్మిది దగ్గర ఆగిపోయిన పాఠం, నా కాలు మీద నుంచి పోయిన రోజున పూర్తిగా ఎక్కింది. ఇంక భయమేస్తే వదిలేసే ఆ చెయ్యి నేల మీద మలుపుకీ పనికిరాదు, గోడకీ పనికిరాదు. వాడి ఏడేళ్ల విద్యని నేను తుడిచేశానని ఆ తొట్టి గట్టు మీద కూర్చుని తెలుసుకున్నాను. ఏడ్చాను. వాడు తుండుగుడ్డ ఇచ్చాడు.

సాయంత్రం బస్సు వేళకి వాడు గేటు దాకా వచ్చాడు. నా నడకకి తగ్గట్టు మెల్లగా నడిచాడు. నాకోసం పోయిన పంట ఖర్జూరాలు ఒక సంచిలో పోసి తనే పట్టుకున్నాడు. దారిలో పోలండ్ మాటా రాలేదు, బావి మాటా రాలేదు. మా అమ్మాయి ఇంటర్‌లో చేరిందా అని అడిగాడు. చేరిందని చెప్పాను. ఇకనుంచి ఫోన్ చేస్తే ఎత్తమన్నాను. ఎత్తుతానన్నాడు.

గేటు దగ్గర చెట్టు మీద ఎవడో ఎండు మట్ట కోస్తున్నాడు. అది తెగి మా ముందు నాలుగడుగుల దూరంలో దబ్బున పడింది. నేను ఉలిక్కిపడి కర్ర గట్టిగా పట్టుకున్నాను. దేవదానం చేతిలోంచి సంచి జారిపోయింది. ఖర్జూరాలు ఇసుక మీద చెల్లాచెదురయ్యాయి.

వాడు తన చెయ్యి వైపు చూసుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కటే ఏరి, చొక్కాకి తుడిచి సంచిలో వేయడం మొదలుపెట్టాడు. వంగడం రాక నేను పక్కనే నిలబడి ఉన్నాను.